ముఖము కానరాని రౌతు – ఖుస్రూ పర్వీజ్

ఇరాను దేశపు పడమటి భాగమున కిర్మాన్‌షా అను నగరము కలదు. నగరపు అంచున ఒక కొండ గోడవలె నిట్టనిలువుగ లేచి నిలిచినది. కొండ అడుగున ఊటలు, ఆ ఊట నీటితో నిండిన కొలను, చుట్టును చెట్లు. ఇచ్చటనే పూర్వపు పారసీక రాజులు రాతిని కమానులవలె తొలిపించి, లోపలి గోడలపై శిల్పములు చెక్కించిరి. ఈ స్థలమును తాకె బోస్తాన్ అందురు.

రెండు గుహలలో పెద్దదాని వెనుక గోడ రెండంతస్తులుగ మలచబడినది. పై అంతస్తున కిరీటము ధరించిన రాజు, అతనికి ఒక ప్రక్క అహురమజ్దా, వేరొక ప్రక్క జలకలశముతో అనాహితా దేవత. క్రింది అంతస్తున రెండు స్తంభముల నడుమ ఒక గుఱ్ఱపు రౌతు. మనుష్య ప్రమాణమునకు మించిన ఆ విగ్రహము గోడను విడిచి బయటికి వచ్చుచున్నదా అనిపించును. రౌతు తలపై శిరస్త్రాణము. దాని అంచు నుండి వ్రేలాడు ఇనుప వలయముల ముసుగు కన్నులను మాత్రము విడిచి ముఖమును మెడను పూర్తిగ కప్పివైచినది. కుడి భుజముపై బల్లెము, ఎడమ చేత చిన్న గుండ్రని డాలు, నడుము ప్రక్కన అమ్ములపొది. గుఱ్ఱమునకును కవచము కలదు. దానినే మన పూర్వులు పక్కెర అనిరి. ఆ పక్కెర గుఱ్ఱపు తలను, మెడను, రొమ్మును కప్పి అంతటితో ఆగినది. వెనుక సగము గుఱ్ఱమునకు ఏ రక్షణయు లేదు.

ఈ రౌతు ఎవడు? పెద్ద గుహలో ఆనాటి శాసనము ఒక్కటియు లేదు. ముఖము చూచి పోల్చుదమన్న ముఖమే కనబడదు. అయినను వేయి సంవత్సరములకు పైగా జనులు ఆ రౌతును ఖుస్రూ పర్వీజ్ అనియు, ఆ గుఱ్ఱమును అతని ప్రాణప్రియమైన షబ్దీజ్ అనియు చెప్పుకొనుచున్నారు. క్రీ.శ. 900 ప్రాంతమున ఇబ్నుల్ ఫకీహ్ అను భూగోళ రచయిత ఈ మాటను వ్రాసి, శిల్పి పేరు ఫత్తూస్ అని కూడ చెప్పినాడు. ఆ రాతి కవచము చెప్పు సంగతులను, పర్వీజ్ జీవితము చెప్పు సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినగాని ఈ మాటకు ఎంత విలువ కట్టవలెనో తేలదు.

పర్వీజ్ సాసాను వంశజుడు. క్రీ.శ. 224లో అర్దషీర్ పార్థియను రాజును యుద్ధమున కూల్చి స్థాపించిన ఈ వంశము 651లో అరబ్బుల ధాటికి అంతరించినది. ఈ నాలుగు శతాబ్దుల కాలమున పారసీక సేనకు వెన్నెముక కవచధారులైన అశ్వికులే. పర్వీజ్ తాత అనూషిర్వాన్ 531 మొదలు 579 వరకు ఏలినవాడు, న్యాయపాలనకు పేరొందినవాడు. అతనిని గూర్చి అల్ తబరీ అను చరిత్రకారుడు ఒక చక్కని కథ చెప్పినాడు. సేనకు జీతములు పంచు అధికారి బాబక్ ఒకనాడు అశ్వికులందరును పూర్తి ఆయుధములతో తన యెదుట హాజరు కావలెనని చాటించెను; రాజునకు సైతము మినహాయింపు లేదనెను. అనూషిర్వాన్ కవచము ధరించి వచ్చెను. బాబక్ పట్టిక తీసి ఒక్కొక్కటే సరిచూచెను. గుఱ్ఱమునకు పక్కెర, రౌతునకు గొలుసు కవచము, రొమ్ముకవచము, కాళ్లకు కవచములు, కత్తి, బల్లెము, డాలు, గద, నడుమున గండ్రగొడ్డలి, రెండు విండ్లతోను ముప్పది బాణములతోను అమ్ములపొది. కట్టకడపట వీపున వ్రేలాడవలసిన రెండు అదనపు అల్లెత్రాళ్లు. ఆ త్రాళ్లు రెండును రాజు మఱచి వచ్చినాడు. బాబక్ మొగమాటపడక వెనుకకు పంపెను. రాజు వానిని తెచ్చుకొనిన పిమ్మట అందరికంటె హెచ్చు జీతమైన నాలుగువేల దిర్హములకు ఒక్క దిర్హము చేర్చి 4,001 వ్రాసెను.

ఈ కథలో నిజపు పాలు ఎంతయైనను, ఆ పట్టిక మాత్రము వెలలేనిది. తాకె బోస్తాన్ రౌతును చదువ గోరువారికి అది నిఘంటువు వంటిది.

అనూషిర్వాన్ తరువాత అతని కుమారుడు నాల్గవ హోర్మజ్ద్ రాజయ్యెను. అతనికి ప్రభువర్గముతో పొసగలేదు. తురుష్కులను ఓడించి కీర్తి గొన్న సేనాని బహ్రామ్ చూబీన్‌ను ఒక చిన్న ఓటమి నెపమున అవమానించెను. బహ్రామ్ తిరుగబడెను. 590లో రాజధాని టెసిఫాన్‌లోని ప్రభువులు, పర్వీజ్ మేనమామలు బిందూయా, బిస్తామ్‌ల నాయకత్వమున హోర్మజ్ద్‌ను పట్టి కన్నులు పొడిచి, యువకుడైన పర్వీజ్‌ను సింహాసనమెక్కించిరి. కొలది దినములలో ఆ గ్రుడ్డిరాజు హతుడయ్యెను. తండ్రి రక్తముతో తడిసిన గద్దెపై కూర్చుండిన కుమారుని చేతులు ఎంతవరకు శుభ్రములో అన్న ప్రశ్న అతనిని జీవితాంతము వెంటాడినది.

గద్దె దక్కినను నిలువలేదు. బహ్రామ్ రాజధానిపైకి వచ్చెను. పర్వీజ్ కొద్దిమంది అనుచరులతో పడమటికి, రోమనుల సరిహద్దుకు పరుగెత్తెను. వెనుక శత్రువుల గుఱ్ఱములు తరుముచుండెను. త్రోవలో ఒక క్రైస్తవ మఠమున విశ్రమించిన వేళ మేనమామ బిందూయా ఒక ఉపాయము పన్నెను. రాజు దుస్తులను ఆభరణములను తాను ధరించి, రాజును ముందుకు సాగనంపి, తాను మఠపు మేడపై నిలిచెను. క్రిందికి వచ్చిన శత్రువులు ఆ దుస్తులను చూచి రాజు చిక్కినాడనుకొనిరి. బిందూయా రాజుననియే నటించి గడువడిగి, పర్వీజ్ అందనంత దూరము పోయిన పిమ్మట మాత్రమే తానెవరో బయటపెట్టి బందీ అయ్యెను. వేషమును చూచి మనిషిని పోల్చినవారు మోసపోయిన సంగతి ఇది. కవచమును చూచి రౌతును పోల్చుటకు సిద్ధపడువారు దీనిని మఱవరాదు.

రోమను చక్రవర్తి మారిస్ శరణాగతుని ఆదరించి సేననిచ్చెను. అందుకు ప్రతిఫలముగ సరిహద్దు కోటలను, ఆర్మీనియాలో పెద్ద భాగమును పర్వీజ్ విడువవలసి వచ్చెను. 591లో బహ్రామ్ ఓడి తురుష్కుల దేశమునకు పారిపోయి అచ్చట హత్యకు గురియయ్యెను. గద్దె తిరిగి దక్కిన పర్వీజ్ కొంతకాలమునకు తన తండ్రి చావునకు ప్రతీకారమను పేరిట మేనమామలపై కత్తి యెత్తెను. తన దుస్తులు ధరించి తన చావును తనపై వేసికొనిన బిందూయా ఆ కత్తికే బలి అయ్యెను. బిస్తామ్ తప్పించుకొని తిరుగుబాటు చేసి కొన్ని సంవత్సరములు ఎదిరించి తుదకు హతుడయ్యెను. పర్వీజ్ గుణములలో కృతజ్ఞతకు చోటు తక్కువ.

ఆపైన పదియేండ్లు వైభవపు దినములు. పర్వీజ్ అనగా విజయుడని అర్థము చెప్పుదురు. జాషువా కావ్యము మూలమున తెలుగు పాఠకులకు ఆత్మీయుడైన ఫిరదౌసి, తన షానామాలో ఈ రాజు సభను, సింహాసనమును, వేటలను విపులముగ వర్ణించినాడు. క్రైస్తవ వనిత షీరీన్ అతని పట్టమహిషులలో మిన్న. ఆమెను గూర్చి నిజామీ పండ్రెండవ శతాబ్ది చివర కావ్యము వ్రాసెను. కొండను తొలిచిన ఫర్హాద్ ప్రేమకథ ఈ రాజదంపతుల చుట్టు అల్లుకొనినదే. సభలో బార్బద్ అను గాయకుడు ఉండెను. షబ్దీజ్ చనిపోయినదను వార్త చెప్పినవాని తల తీయింతునని రాజు ఆన పెట్టగా, గుఱ్ఱము నిజముగ చనిపోయిన దినమున ఎవరికిని నోరు రాలేదట. బార్బద్ ఆ దుఃఖమును పాటలో పొదిగి పాడగా, రాజే గ్రహించి షబ్దీజ్ చనిపోయినదని తన నోట తానే అనెనట. నిజము కాకపోయినను మంచి కథ. రాతి గుఱ్ఱమునకు షబ్దీజ్ పేరు అంటుకొనుటకు ఇట్టి కథలే కారణము.

కథలనుండి రాతికి వత్తము. కవచ శిల్పమును చదువుట కన్నుల పని మాత్రమే కాదు. ఆ కాలపు కవచములు ముఖ్యముగ మూడు తెఱగులు. చిన్న ఇనుప వలయములను ఒకదానిలో నొకటి దూర్చి వస్త్రమువలె అల్లినది గొలుసు కవచము. చేప పొలుసులవలె రేకులను గుడ్డపైనో తోలుపైనో కుట్టినది పొలుసుల కవచము. రేకులకు రంధ్రములు పొడిచి, తోలుపట్టెలతో ఒకదానికొకటి కట్టినది మూడవది. దీనికి అడుగున గుడ్డతో పనిలేదు. ఇనుములో ఈ మూటికిని ఉన్న భేదము స్పష్టము. రాతిలో మూడును చిన్న చిన్న గీతల వరుసలే. వలయమును దాని నిజమైన కొలతలో చెక్కుట ఏ ఉలికిని సాధ్యము కాదు గనుక శిల్పి దానిని పెద్దది చేయును, లెక్క తగ్గించును. అందువలన గీతను గాక, ఆ వస్తువు వ్రేలాడు తీరును చూడవలెను. తాకె బోస్తాన్ రౌతు ముఖపు ముసుగు గడ్డము వంపును అనుసరించి మెత్తని గుడ్డవలె జారినది. గట్టి రేకులు అట్లు జారవు. కనుక అది గొలుసు అల్లికయే. గుఱ్ఱపు మెడపైని పక్కెర అట్లు కాదు. నిలువు రేకులు వరుసలు వరుసలుగ ఒకదానిపై నొకటి పేర్చినట్లున్నది. అది త్రాళ్లతో కట్టిన రేకుల కవచము. ఆ రేకులు ఇనుపవో, కంచువో, గట్టిపరచిన తోలువో రాయి చెప్పదు. రాతిలో అన్నియు రాయియే.

శిల్పమును గ్రుడ్డిగ నమ్మినవారికి కలుగు ప్రమాదమునకు రోమునందలి ట్రాజను స్తంభము మంచి నిదర్శనము. 113లో నిలిపిన ఆ స్తంభముపై సర్మేషియను అశ్వికులు చెక్కబడినారు. రౌతులకు మెడనుండి మడమ దాక, గుఱ్ఱములకు కాలి గిట్టలదాక ఒంటికంటిన పొలుసులు. చూచుటకు చేపలు స్వారి చేయుచున్నట్లుండును. అట్టి కవచము తొడిగిన గుఱ్ఱము అడుగు తీసి అడుగు వేయలేదు. శిల్పి పొలుసుల కవచమని చెవితో వినెనే గాని కంటితో చూచి యుండడు. ఇట్టి శిల్పమునుండి కవచమును పునర్నిర్మింప బూనుట పురాణము చదివి విమానము కట్టబోవుట వంటిది.

తాకె బోస్తాన్ శిల్పి ఆ తరగతి వాడు కాడు. దీనికి సాక్ష్యము మట్టిలోనుండి లభించినది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున డూరా యూరోపస్ అను రోమను కోట ఉండెను. 256 ప్రాంతమున సాసానులు దానిని ముట్టడించి పట్టుకొనిరి. ముట్టడి వేళ కోటగోడను బలపరచుటకు వెనుక పోసిన మట్టిలో అనేక వస్తువులు కప్పడి, ఎండిన నేలలో చెడక నిలిచెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారును ఫ్రెంచి పండితులును జరిపిన త్రవ్వకములలో 1932లో గుఱ్ఱపు కవచములు బయటపడినవి. ఒకదానికి కంచు పొలుసులు, మఱియొకదానికి ఇనుప పొలుసులు. నడుమ జీను కొఱకు విడిచిన కంత. ఇవి గుఱ్ఱపు పార్శ్వములను, వెనుక భాగమును కప్పునట్టివి. పక్కెరలు కవుల కల్పన కాదని, వానిని ధరించి గుఱ్ఱములు నడిచినవని దీనితో రూఢియైనది. నాల్గవ శతాబ్దిలో జూలియన్ చక్రవర్తితో పారసీక దండయాత్రకు పోయిన అమ్మియానస్ అను సైనికుడు, తన చరిత్రలో శత్రు అశ్వికుల ముఖములు కన్నుల దగ్గరను ముక్కు దగ్గరను సన్నని రంధ్రములు విడిచి పూర్తిగ కప్పబడి యుండెనని వర్ణించినాడు. రాతి రౌతు ముసుగునకు అది దూరపు చుట్టము.

అయితే డూరా కవచము వెనుకను కప్పుచున్నది. తాకె బోస్తాన్ పక్కెర ముందు మాత్రమే కప్పుచున్నది. శిల్పి పని మధ్యలో విడిచిపెట్టినాడా? కాదు. దీనికి సమాధానము శత్రువుల పుస్తకములో ఉన్నది. ఆరవ శతాబ్ది చివరనో ఏడవ శతాబ్ది మొదటనో గ్రీకున వ్రాయబడి, పర్వీజ్‌కు ఆశ్రయమిచ్చిన మారిస్ చక్రవర్తి పేరనే వాడుకలోనున్న యుద్ధతంత్ర గ్రంథము ఒకటి కలదు. ముందు వరుసలో నిలుచు నాయకుల గుఱ్ఱములకు నుదుటికిని రొమ్మునకును ఇనుప కవచము గాని, రొమ్మును మెడను కప్పునట్లు ఉన్ని కంబళి కవచము గాని ఉండవలెనని, అది అవారుల పద్ధతియని అందులో విధింపబడినది. వేగముగ మీదికి దుముకు గుఱ్ఱమునకు బల్లెము పోటు ముందునుండియే తగులును. వెనుకను గూడ కప్పినచో బరువు పెరుగును, ఎండలో గుఱ్ఱము ఉడికిపోవును, పరుగు మందగించును. కనుక రాతిలోని సగము పక్కెర లోపము కాదు. అది యుద్ధభూమిలో నేర్చిన పాఠము.

బాబక్ పట్టికతో పోల్చినపుడు పక్కెర, గొలుసు కవచము, బల్లెము, డాలు, అమ్ములపొది సరిపోయినవి. గద, గండ్రగొడ్డలి రాతిలో కనబడవు. బల్లెముతో పొడుచు రౌతే విల్లును గూడ వాడువాడని పట్టికయు రాయియు ఏకకంఠముగ చెప్పుచున్నవి. ఇది ముఖ్యమైన సంగతి. బరువు కవచమువాడు బల్లెమునకు, తేలిక గుఱ్ఱమువాడు బాణమునకు అని పాఠ్యపుస్తకములు గీచు గీత ఇచ్చట చెరిగిపోవుచున్నది. రికాబు విషయము మాత్రము చిక్కు. మారిస్ గ్రంథమున రికాబుల ప్రస్తావన ఉన్నది. రాతిపై రికాబు కనబడదు. రౌతుకును గుఱ్ఱమునకును అవయవములు కొన్ని విరిగిపోయిన శిల్పమున కనబడనిదెల్ల లేనిదే యనుట తొందరపాటు. తెలుగున వాడుకలోనున్న రికాబు, జీను అను మాటలు రెండును పారసీకము మీదుగ వచ్చినవే యని విద్యార్థులు గమనింతురు గాక.

ఇక ఆ కవచధారుల యుద్ధముల మాట. 602లో ఫోకాస్ అను సేనాధికారి మారిస్ చక్రవర్తిని, అతని కుమారులను వధించి సింహాసనము నాక్రమించెను. తనకు మేలు చేసినవాని పగ తీర్తునని పర్వీజ్ రోమనులపై యుద్ధము ప్రకటించెను. మారిస్ కుమారులలో ఒకడు తప్పించుకొని తన చెంతకు వచ్చినాడని ఒక యువకుని లోకమునకు చూపెను. ఆ యువకుడు నిజమైన రాకుమారుడని రోమనులు నమ్మలేదు. ఏది యేమైనను పారసీక సేనలు వరదవలె పొంగినవి. 613లో డమాస్కస్, 614లో జెరూసలేము, 619లో అలెగ్జాండ్రియా వారి వశమయ్యెను. క్రీస్తును వేసిన శిలువయని క్రైస్తవులు పూజించు కొయ్యను జెరూసలేము నుండి తీసికొనిపోయిరి. 626లో పారసీక సేన కాన్‌స్టాంటినోపిల్ ఎదుటి తీరమున విడిసెను. ఈ విజయములన్నియు షహర్‌బరాజ్, షాహీన్ మొదలైన సేనానులవి. పర్వీజ్ ఈ దండయాత్రలకు తాను నాయకత్వము వహింపలేదు. రాతిలో ఆపాదమస్తకము ఆయుధములు దాల్చిన రాజు, జీవితపు చివరి ఇరువది యేండ్లును చాలవరకు కోటలలోనే గడపెను.

ఈ సంవత్సరములలోనే దక్షిణాపథమునకును పారసీక సభకును ఒక సంబంధము కనబడుచున్నది. పర్వీజ్ ఏలుబడి 36వ సంవత్సరమున హిందూదేశపు రాజు ఒకడు దూతలతో కానుకలను, రాకుమారులకు వేర్వేరు లేఖలను పంపెనని అల్ తబరీ చెప్పుచున్నాడు. పెద్దకుమారుడు షేరూయాకు పంపిన లేఖలో అతడు తండ్రి 38వ ఏట రాజు కాగలడని ఉండెనట. పర్వీజ్ దానిని చదివి మరల ముద్ర వేయించి షీరీన్ వద్ద దాచెనట. అరబ్బు లిపిలో చెదరిన ఆ హిందూరాజు పేరును పండ్రెండు వందల యేండ్ల తరువాత ఐరోపా పండితులు చాళుక్య రెండవ పులకేశిగ చదివిరి. పిష్టపురమును గెలిచి, తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుని వేంగిలో నిలిపిన పులకేశి ఇతడే గనుక తెలుగువారికి ఈ ప్రస్తావన ఆసక్తికరము. అంతటితో ఆగిన బాగుండెడిది. అజంతా మొదటి గుహలో పారసీక వేషముతో కనబడు మనుష్యుల చిత్రమును పులకేశి సభలోని పర్వీజ్ రాయబారమని 1879లో ఫెర్గుసన్ నిర్ణయించెను. పాఠశాలలలో బహుకాలము అట్లే బోధింపబడినది. ఆ చిత్రములు ఐదవ శతాబ్ది నాటివని, ఆ దృశ్యము బౌద్ధకథకు చెందినదని తరువాతి పరిశోధకులు చూపిరి. టోపీలను చూచి మనుష్యులను పోల్చినందున కలిగిన ఫలమది.

రోమనులకు 610లో హెరాక్లియస్ చక్రవర్తి అయ్యెను. ఇతడు మాత్రము తానే సేన వెంట నడిచినవాడు. 624లో పారసీకుల ప్రసిద్ధ అగ్నిమందిరమును ధ్వంసము చేసెను. 627 డిసెంబరు 12న నినెవే శిథిలముల చేరువ జరిగిన యుద్ధమున పారసీక సేనాని రాజాతిస్ కూలెను. అతని డాలుకు 120 బంగారు రేకులుండెనని, బంగారు కవచము దొరికెనని గ్రీకు చరిత్ర చెప్పుచున్నది. ఆ యుద్ధమున హెరాక్లియస్ గుఱ్ఱమునకు తొడపై బల్లెము పోటు తగిలెను. ముఖముపై పలుమారు కత్తి దెబ్బలు పడినను స్నాయువులతో చేసిన కవచముండుటచే గాయము కాలేదు. ముందు భాగమునకు కవచము, వెనుక తొడకు గాయము! రాతిలోని సగము పక్కెర మంచిచెడ్డలు రెండును ఈ ఒక్క గుఱ్ఱము చెప్పకయే చెప్పుచున్నది.

హెరాక్లియస్ దస్తగిర్ద్ రాజభవనముపైకి వచ్చుచున్నాడని విని పర్వీజ్ పోరాడక టెసిఫాన్ వైపు పారిపోయెను. 628 జనవరిలో రోమనులు ఆ భవనమున ప్రవేశించిరి. పూర్వయుద్ధములలో తాము పోగొట్టుకొనిన 300 పతాకములు, అగరు, పట్టు, మిరియములు, అల్లము, చక్కెర వారి చేత చిక్కెను. ముదుసలి రాజు ఓటమికి సేనానులను నిందించెను. షీరీన్ కుమారుడు మర్దాన్‌షాకు పట్టము కట్టదలచెను. ఫిబ్రవరిలో ప్రభువులు చెరలోనున్న షేరూయాను విడిపించి రాజుగ ప్రకటించిరి. ఆ రాత్రి పర్వీజ్ భవనమును ఆనుకొనియున్న తోటలో దాగెను. ఆ తోట పేరు భారతీయుల తోట అను అర్థము నిచ్చునది. ఫిరదౌసి కథలో, ఆకలిగొన్న రాజు తన నడికట్టులోని బంగారు తునకను త్రుంచి తోటమాలికిచ్చి రొట్టె తెమ్మనెను. అంత విలువగల బంగారమునకు రొట్టెవాడు చిల్లర ఈయలేకపోయెను. నగల వర్తకుడు చూచి రాజుదని పోల్చెను. యౌవనమున దుస్తులు కాపాడినవానిని వార్ధకమున నడికట్టు పట్టి యిచ్చినది.

బందిగృహమున అతనిపై నేరముల పట్టిక చదివిరి. తండ్రి హత్య అందులో మొదటిది. అతడు ఒక్కొక్కదానికే ధైర్యముగ సమాధానము చెప్పెనని అల్ తబరీ వ్రాసినాడు. ఆ వేళనే హిందూరాజు లేఖను ప్రస్తావించి, తన కుమారుడు రాజగునని ముందే యెఱిగియు అతనిని చంపింపలేదని చెప్పుకొనెనట. ఫిబ్రవరి 28న అతనిని వధించిరి. తాను చేయి నరికించిన ఒక మాండలికుని కుమారుడే ఆ పనికి పూనుకొనెననియు, మొదటి దెబ్బలు పని చేయక వెదుకగా భుజమునకు కట్టుకొనిన రక్షామణి దొరికెననియు, దానిని త్రెంచిన పిదప ప్రాణము పోయెననియు కథ. షేరూయా తన సోదరులను చంపించి, తానును ఆ ఏటనే మృతి చెందెను. శిలువ 630లో జెరూసలేము చేరెను.

గుహలోని రౌతు పర్వీజ్ అనుట అందరు పండితులకు సమ్మతము కాలేదు. ప్రక్కనున్న చిన్న గుహలో పహ్లవీ శాసనములున్నవి గనుక అచ్చటి విగ్రహములు రెండవ, మూడవ షాపూర్లవని తగవు లేక తేలినది. పెద్ద గుహకు ఆ భాగ్యము లేదు. సాసాను రాజులలో ఒక్కొక్కనికి ఒక్కొక్క తీరు కిరీటము. నాణెములపై కిరీటముతో పాటు పేరును ఉండును. పై అంతస్తులోని రాజు రెక్కల కిరీటమును నాణెములతో పోల్చి హెర్జ్‌ఫెల్డ్ పర్వీజ్ అనెను. ఎర్డ్‌మన్ 459 మొదలు 484 వరకు ఏలిన పేరోజ్ అనెను. ఇద్దరి నాణెములపైనను రెక్కల కిరీటములు కలవు. కిరీటము తేల్పలేని తగవున కవచము కొంత సాక్ష్యమిచ్చుచున్నది. సగము పక్కెర, రేకుల కట్టుబడి, మారిస్ గ్రంథపు విధి మూడును పేరోజ్ కాలముకంటె పర్వీజ్ కాలమునకే చక్కగ అమరుచున్నవి. ఇది ప్రమాణము కాదు, మొగ్గు మాత్రమే. టోక్యో విశ్వవిద్యాలయమువారు ఈ శిల్పములను సూక్ష్మముగ కొలిచి 1969 నుండి సంపుటములుగ ప్రకటించిన పిదప ఇట్టి పోలికలకు మంచి ఆధారము ఏర్పడినది.

గుహ ప్రక్క గోడలపై రాజు వేట దృశ్యములు కలవు. ఎడమ గోడపై అడవిపందుల వేట. బురదనేలలో పడవలు, వీణెల వంటి వాద్యములు మీటు స్త్రీలు, పందులను తరుము ఏనుగులు, వానిపై మావటీలు. దానికి పైన పందొమ్మిదవ శతాబ్దిలో ఒక ఖజారు రాకుమారుడు తన బొమ్మను చెక్కించి రంగులు వేయించుకొనెను. తన పేరు వ్రాయించుట మాత్రము మఱవలేదు. కుడి గోడపై లేళ్ల వేట. ఆ గోడ పని పూర్తి కాలేదు. లేళ్లలో కొన్నింటికి రూపురేఖలు గీచి ఉలి ఆగిపోయినది. పర్వీజ్ పక్షము వహించు పండితులు ఆ ఆగిన ఉలిని చూపి, 628 ఫిబ్రవరి తరువాత శిల్పులకు కూలి ఇచ్చువారు లేకపోయిరని అందురు.